అతుకు మీద అతుకు

నాన్న నిద్రపోయారు. గుండె రక్తనాళం మళ్లీ సన్నబడితే ఇవాళ ఆసుపత్రిలో బెలూన్‌తో తెరిచారు. అమ్మ కింద చాప మీద నడుం వాల్చింది. నా చెవిలో మాత్రం బాబాయి మాటే తిరుగుతోంది. "స్టెంట్ వెయ్యలేదా? ఉత్త బెలూన్‌తో సరిపెట్టారా?"

సాయంత్రం నుంచి నాలుగు ఫోన్లు, నాలుగుసార్లూ ఇదే. స్టెంట్, అంటే రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే లోహపు జాలీ గొట్టం, వేస్తేనే వైద్యం జరిగినట్టు, లేకపోతే మనల్ని ఎవరో మోసం చేసినట్టు. నాన్నకి మొదట స్టెంట్ వేసిన 2017లోనూ ఇంతే. ఆ ఫిబ్రవరిలోనే మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలని కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. అంత తక్కువకి వచ్చేది మంచిదేనా అని అప్పుడు అనుమానం. ఇప్పుడేమో అదే ఎందుకు వెయ్యలేదని.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ గారు స్క్రీన్ మీద చూపించారు. పాత స్టెంట్ లోపల కండ పెరిగి దారి సన్నబడింది. గాయం మానేటప్పుడు పుట్టే కండ లాంటిదేనట. ముందు మామూలు బెలూన్‌తో దారి తెరిచి, తర్వాత పాక్లిటాక్సెల్ అనే మందు పూసిన బెలూన్‌ని అక్కడ నిమిషం పాటు ఉబ్బించి ఉంచారు. మందు రక్తనాళం గోడకి అంటుకుంటుంది, కండ మళ్లీ పెరగకుండా చూస్తుంది. బెలూన్ బయటికి వచ్చేస్తుంది. క్యాన్సర్‌కి వాడే మందే అది, మొదట్లో ఒక చెట్టు బెరడు నుంచి తీశారు. ఆ సంగతి అమ్మకి చెప్పానో లేదో, తెల్లమద్ది బెరడు కషాయం మళ్లీ కాస్తానంది. డాక్టర్‌ని అడగకుండా వద్దని బతిమాలాను.

"లోపల ఇంకో ఇనుము పొర వెయ్యడం ఎందుకమ్మా" అన్నారు డాక్టర్ గారు. ఆ మాటకి నాన్న సైకిల్ గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున పెరట్లో బకెట్ నిండా నీళ్లు, అందులో ట్యూబు ముంచుతూ తిప్పడం, బుడగలు వచ్చినచోట నా వేలు పెట్టించడం. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, నోటితో ఊది ఆరబెట్టేవారు. ఒకసారి పాత అతుకు అంచునే గాలి పోతోంది. దాని మీదే ఇంకోటి వేసెయ్ నాన్నా అన్నాను. "అతుకు మీద అతుకు వేస్తే లావెక్కుతుందమ్మా, టైరులో ఇమడదు" అని పాతది ఓపిగ్గా ఊడదీశారు. ఆ రోజు స్కూలు లేదు కాబట్టి తొందర లేదు. సొల్యూషన్ వాసన ఇప్పటికీ నాకిష్టం.

రాస్తుంటే కోపం తగ్గుతోంది. పొద్దున సంతకం పెట్టేటప్పుడు నాకూ అదే ప్రశ్న వచ్చింది, ఇంత చిన్నదానితో సరిపోతుందా అని. మొహమాటపడి అడగలేదు. బాబాయి నాలుగుసార్లు అడిగారు, నేను ఒక్కసారీ అడగలేదు. అన్న మీద బెంగ ఆయనకి అలాగే బయటికొస్తుంది. అయినా స్పీకర్లో నాన్న వింటుండగా "మళ్లీ మూసుకుపోతే?" అనకుండా ఉండాల్సింది. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నారు. అది మాత్రం మర్చిపోలేను.

బెలూన్‌ని లోపలికి పంపిన మణికట్టు దగ్గర రక్తం కారకుండా ప్లాస్టిక్ పట్టీ కట్టారు, అందులోనూ గాలే. నర్సు సిరంజితో కొంచెం కొంచెంగా గాలి తీస్తుంటే నాన్న కళ్లార్పకుండా చూశారు. గుండె మీద బరువు దిగినట్టుందన్నారు. రెండు ఇడ్లీలు తిన్నారు.

రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడగాల్సినవి: రక్తం పలచబడే మాత్రలు రెండూ ఎన్నాళ్లు, మెట్లు ఎప్పటినుంచి ఎక్కొచ్చు, కషాయం సంగతి. మళ్లీ మూసుకుపోతే ఏం చేస్తారన్నది కూడా. అది నాన్న లేనిచోట.