బట్టీ పిల్లల్ని బడి లెక్కలోకి ఎక్కించడానికి

సార్వా కోతలు అయ్యీ అవగానే మా వైపు ఇటుక బట్టీలు మొదలవుతాయి. ఏటిగట్టు దిగువన పాకలు లేస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం నుంచీ ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచీ పిల్లాజెల్లాతో కుటుంబాలు దిగుతాయి. కోనసీమలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని) నేను. ఆ పిల్లల్ని బడిలో చేర్చడానికి పోయినేడు పడ్డ పాట్లు ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

మొదట కాగితాలే అడ్డం. టీసీ లేదు, పుట్టిన తేదీ రుజువు లేదు, కొందరికి ఆధారూ లేదు. "మాకాడ కాయితాలేటీ నేవు టీచరమ్మా, పిల్లని మాత్రం కూకోబెట్టండి" అంది ఒక తల్లి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చెప్పేదీ అదే. వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. 4, 5, 14 సెక్షన్లు ప్రింటు తీసి హెచ్‌ఎం గారి ముందు పెట్టాను. వయసు గురించి తల్లిదండ్రుల చేత రాయించి, వేలిముద్రలు వేయించి పిల్లల్ని చేర్చుకున్నాం.

"ఎక్కడ కూర్చోబెడదామమ్మా?" అన్నారు హెచ్‌ఎం గారు. నిజమే. ఆయనతో కలిపి ఇద్దరమే టీచర్లం. మూడు, నాలుగు, అయిదు తరగతులు నా ఒక్క గదిలోనే. 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, ఆపైన 90 దాకా ముగ్గురు ఉండాలంటుంది చట్టం. బట్టీ పిల్లలు వచ్చాక మేం 60 దాటాం. కానీ బడుల వివరాలు, పిల్లల సంఖ్య ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్క యూడైస్‌కి సెప్టెంబరు 30 నాటి లెక్కే లెక్క. డిసెంబరులో వచ్చిన పిల్లలు అందులో ఉండరు. ఏటా వస్తారు, ఏటా లెక్కలోకి రారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది. అక్షరాలు రావు. కూలి వెయ్యి ఇటుకలకింత అని కట్టిస్తారు కాబట్టి, సాయంత్రం వరసలు లెక్కపెట్టి తండ్రికి చెప్పేది ఈ పిల్లే. బోర్డు మీద పదుల వరసలు, వందల దొంతరలు గీస్తే వేల దాకా తడుముకోకుండా చెప్పేసింది. గుణింతాలు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించాలి. బెంచీకి అయిదుగురు ఇరుక్కున్న గదిలో ఆ పిల్ల పలక దగ్గరికి నేను వెళ్లేసరికే గంట కొట్టేసేవారు. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో ఉంచుకోమని అక్కడి టీచరుని బతిమాలాను. ఒప్పుకుంది, ఆవిడ చల్లగా ఉండాలి.

ఇంకో టీచరు కోసం మండలంలో అర్జీ పెడితే "పోస్టు లేదు" అన్నారు. అక్కడితో ఊరుకోలేదు. పేరెంట్స్ కమిటీ తల్లుల్ని వెంటబెట్టుకుని సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమానికి వెళ్లాను. హాజరు పట్టీ నకళ్లు, వాటితోపాటు మధ్యాహ్న భోజనం లెక్కలు జతచేశాం. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన భోజనమది. రోజూ ఇంతమంది తింటున్నారని ఆన్‌లైన్‌లో ఎక్కుతున్నప్పుడు, ఆ పిల్లలు చదువు లెక్కకి లేకుండా ఎలా పోతారు? ఈ మాట పనిచేసింది. పిల్లలు తక్కువగా ఉన్న పక్క బడి నుంచి ఒక టీచర్ని సర్దుబాటు కింద పంపారు, ఆ విద్యాసంవత్సరం వరకే.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ మర్చిపోవద్దు. బడి ఏప్రిల్‌లో మూస్తారు, బట్టీ తొలకరి దాకా నడుస్తుంది. వాళ్లు ఊరు వెళ్లేనాటికి బడికి తాళం. అందుకే సెలవులివ్వకముందే టీసీలు రాసి, వెనక పెన్ నంబరూ (యూడైస్‌లో ఒక్కో పిల్లకి ఉండే శాశ్వత నంబరు) నా ఫోన్ నంబరూ వేసి ఇచ్చాం. ఆన్‌లైన్‌లో పేరు డ్రాప్‌బాక్స్‌లో, అంటే బడి వదిలి వెళ్లిన పిల్లల జాబితాలో, పెడితే అక్కడి బడివాళ్లు తీసుకుంటారు. జూన్‌లో ఆ పిల్ల తండ్రి ఫోన్ చేశాడు, వాళ్ల ఊరి బడిలో నాలుగులో చేర్చుకున్నారట.

ఈ ఏడు అక్టోబరులోనే బట్టీల యజమానుల దగ్గరికి వెళ్లి, వచ్చే కుటుంబాల పేర్లు అడిగాను. ఇద్దరు ఇచ్చారు. మూడో ఆయన కూలీల్ని తీసుకొచ్చే మేస్త్రీని అడగమన్నారు. మేస్త్రీ నంబరు తీసుకున్నాను.