గనిలో డీజిల్ పొగను ఇంజన్ దగ్గరే ఆపాలి

భూగర్భ గనుల్లో డీజిల్ పొగ గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ముందుగా ఎదురయ్యే సమాధానం ఒకటే: "ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి బాగానే ఆడుతోంది, ఇంకేం కావాలి?" గాలి సరఫరా తప్పనిసరి అన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. అయితే గాలి చేసే పని పొగను పలచబరచి ముందుకు తోసేయడమే కాని, దాన్ని లేకుండా చేయడం కాదు. ఆ పొగ తిరుగు గాలి మార్గంలో, అంటే వాడిన గాలి బయటికి పోయే దారిలో, పనిచేసే మరో మనిషి ఊపిరితిత్తుల మీదుగానే బయటికి పోతుంది. అందుకే ఈ రక్షణ ఫ్యాన్ దగ్గర కాక, ఇంజన్ దగ్గర మొదలు కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంధనం సరిగ్గా మండనప్పుడు ఇంజన్‌లో సన్నటి కర్బన రేణువులు పుడతాయి. వాటి ఉపరితలం మీద కాలిపోని ఇంధనం, కందెన నూనె ఆవిర్లు, పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే హానికర కర్బన సమ్మేళనాలు పేరుకుంటాయి. ఈ రేణువుల్లో దాదాపు అన్నీ ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవి కాబట్టి, ముతక రాతి ధూళి మాదిరిగా ముక్కులోనో గొంతులోనో ఆగిపోకుండా ఊపిరితిత్తుల లోతుల దాకా చేరతాయి. వీటికి తోడు కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఆల్డిహైడ్లు కూడా అదే గొట్టంలోంచి వస్తాయి. కళ్ళు మండడం, తలనొప్పి, దగ్గు కార్మికులు ఆ రోజే గుర్తించే లక్షణాలు. కాని కళ్ళు మండలేదు కాబట్టి గాలి శుభ్రంగా ఉందనుకోవడం ప్రమాదకరమైన లెక్క.

అసలు హాని చాలా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అమెరికాలో ఎనిమిది అలోహ గనులకు చెందిన 12,315 మంది కార్మికుల మీద జరిగిన అధ్యయన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పొటాష్, ఉప్పు, ట్రోనా (సోడా బూడిద ముడి ఖనిజం), సున్నపురాయి గనులను పరిశోధకులు కావాలనే ఎంచుకున్నారు. రేడాన్, సిలికా, ఆస్బెస్టాస్ వంటి ఇతర క్యాన్సర్ కారకాలు అక్కడ తక్కువ కాబట్టి, కనిపించిన హానిలో డీజిల్ పాలు ఎంతో విడదీసి చెప్పడానికి వీలవుతుంది. పొగతాగే అలవాటును లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, అత్యధికంగా డీజిల్ పొగకు గురైన వర్గంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల ముప్పు అత్యల్పంగా గురైన వర్గంతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. అదే ఏడాది జూన్‌లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ ఇంజన్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. అంతకు ముందు, 1988 నుంచి, అది "బహుశా కలిగించవచ్చు" అన్న వర్గంలో ఉండేది.

కంటికి కనిపించే నల్లదనాన్ని బట్టి పొగ మోతాదును చెప్పలేం కాబట్టి కొలత తప్పనిసరి. కార్మికుడి నడుము బెల్టుకు ఒక చిన్న పంపు తగిలించి, దాని గొట్టాన్ని కాలర్ దాకా తెచ్చి, అతను ఊపిరి పీల్చే చోట ఫిల్టర్ డబ్బీని అమరుస్తారు. పెద్ద ధూళి కణాలు ముందే వేరైపోయి, సన్నటివి మాత్రమే లోపలి క్వార్ట్జ్ ఫిల్టర్ మీదికి చేరతాయి. షిఫ్టు ముగిశాక ఆ డబ్బీ విప్పితే, ఉదయం తెల్లగా ఉన్న ఫిల్టర్ మీద బూడిద రంగులోనో నలుపులోనో గుండ్రటి మచ్చ ఏర్పడి ఉంటుంది. ఆ మచ్చను చూశాక గాలి బాగానే ఉందని వాదించిన వాళ్ళు నాకు ఎక్కువగా తారసపడలేదు. ప్రయోగశాలలో ఆ ఫిల్టర్‌ను ముందుగా హీలియంలో వేడిచేసి సేంద్రియ కర్బనాన్ని (ఇంధనం, నూనె వంటి సమ్మేళనాల్లో ఉండేది), తర్వాత ఆక్సిజన్ కలిపి మూలక కర్బనాన్ని (మసిలో విడిగా ఉండే కర్బనం) విడివిడిగా లెక్కిస్తారు. డ్రిల్లింగ్ యంత్రాల నూనె తుంపర, సిగరెట్ పొగ సేంద్రియ కర్బనం లెక్కను తప్పుదోవ పట్టించగలవు కాబట్టి, డీజిల్‌కు గుర్తుగా మూలక కర్బనమే ఎక్కువ నమ్మదగినది. బొగ్గు గనుల్లో మాత్రం బొగ్గు ధూళి కూడా కర్బనమే కావడంతో ఈ కొలత చిక్కవుతుంది. అమెరికా తన బొగ్గు గనులకు గాలిలో మోతాదుకు బదులు యంత్రం వదిలే పొగకే పరిమితి పెట్టడానికి ఇదొక కారణం.

పరిమితులు దేశానికొక తీరుగా ఉన్నాయి. అమెరికా బొగ్గేతర గనుల్లో షిఫ్టు సగటున ఘనపు మీటరుకు 160 మైక్రోగ్రాముల మొత్తం కర్బనం (సేంద్రియం, మూలకం రెండూ కలిపి) పరిమితి 2008 నుంచి అమల్లో ఉంది. కెనడాలోని ఆంటారియో 2023 సెప్టెంబరు నుంచి 120 మైక్రోగ్రాముల మూలక కర్బనానికి మారింది. యూరోపియన్ యూనియన్ 50 మైక్రోగ్రాముల మూలక కర్బనాన్ని నిర్ణయించి, భూగర్భ గనులకు, సొరంగ నిర్మాణానికి 2026 ఫిబ్రవరి 21 నుంచి వర్తింపజేసింది. కొలత పరిమితికి ఒక అంకె తక్కువ వచ్చిందని, పొగ తగ్గించే ప్రయత్నం ఆపేయడం నాకు సరిగా తోచదు. క్యాన్సర్ కారకం విషయంలో, సాధ్యమైనంత తగ్గించడమే లక్ష్యంగా ఉండాలి.

ఇక ఇంజన్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో కార్మికుల ఊపిరితిత్తులను అందరికన్నా ఎక్కువగా కాపాడగలిగినవాడు వర్క్‌షాపులోని మెకానిక్. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఫిల్టర్ మూసుకుపోతే మంట సరిగా మండదు, మసి పెరుగుతుంది. ఇంజెక్టర్ అరిగిపోయి ఇంధనం తుంపరగా కాక చుక్కలుగా పడినా, ఇంజన్‌లోకి అదనపు గాలిని తోసే టర్బోచార్జర్ దగ్గర గాలి లీకైనా అదే జరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ పక్కన చిన్న సూచిక ఒకటి ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు అందులో ఎరుపు కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చకుండా రీసెట్ బటన్ నొక్కి, ఆ ఎరుపును మాయం చేసి, బండిని మళ్ళీ లోపలికి పంపడం నేను కళ్ళారా చూశాను. ఉత్పత్తి ఆగిపోతుందన్న ఒత్తిడి వల్లే అది జరుగుతుందని తెలుసు. అయినా ఆ ఒక్క బటన్ నొక్కుడుకు మూల్యం చెల్లించేది బండి వెనక పనిచేసే మనిషే. ఇంజన్‌ను భారం మీద నడుపుతూ సైలెన్సర్ గొట్టం దగ్గరే కార్బన్ మోనాక్సైడ్‌ను క్రమం తప్పకుండా కొలిచి, ఆ యంత్రం పాత అంకెలతో పోల్చి చూస్తే, పొగ నల్లబడక ముందే లోపం దొరుకుతుంది.

సరిగా నడుస్తున్న ఇంజన్‌కు తర్వాతి అడ్డుకట్ట పార్టిక్యులేట్ ఫిల్టర్. తేనెపట్టులా సన్నటి గదులున్న ఈ సిరామిక్ దిమ్మలో ఒక్కో గదికి ఒకవైపు మాత్రమే తెరిచి ఉంటుంది. పొగ గోడల గుండా దారి చేసుకుని పోవాల్సి వస్తుంది, మసి గోడకే అంటుకుంటుంది. మంచి ఫిల్టర్ మూలక కర్బనంలో 90 శాతానికి పైగా పట్టేస్తుంది. అయితే పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి, అందుకు ఉత్ప్రేరకం లేకపోతే దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తక్కువ భారంతో తిరిగే చిన్న బండ్ల పొగ అంత వేడెక్కదు. అలాంటి బండికి యంత్రం పని తీరు చూడకుండా ఫిల్టర్ బిగిస్తే అది మూసుకుపోతుంది, విసిగిపోయిన సిబ్బంది దాన్ని పీకేస్తారు. మసి తక్కువ వేడిలోనే కాలడానికి ప్లాటినం ఉత్ప్రేరకం పూసిన ఫిల్టర్లు వాడతారు. వీటిలో నైట్రిక్ ఆక్సైడ్ కొంత నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది, అది ఊపిరితిత్తులకు మరింత హానికరమైన వాయువు. మసి తగ్గిందని సంతోషించే ముందు ఆ వాయువును కూడా కొలవాలి. అతి తక్కువ గంధకం ఉన్న డీజిల్ లేకపోతే ఈ ఉత్ప్రేరకాలు త్వరగా దెబ్బతింటాయి కాబట్టి, ఇంధనం నాణ్యత కూడా ఆరోగ్య రక్షణలో భాగమే.

ఇంత చేశాక మిగిలిన పొగకు గాలి కావాలి. చాలాచోట్ల వాడే లెక్క ప్రకారం ఇంజన్ సామర్థ్యంలో కిలోవాట్‌కు సెకనుకు 0.06 ఘనపు మీటర్ల గాలి ఉండాలి. 250 కిలోవాట్ల లోడర్, 300 కిలోవాట్ల ట్రక్కు ఒకే పని స్థలంలో ఉంటే సెకనుకు 33 ఘనపు మీటర్లు అన్నమాట. అదే మార్గంలో గాలిని రెట్టింపు చేయాలంటే ఫ్యాన్‌కు ఎనిమిది రెట్ల శక్తి కావాలి. పొగను ఇంజన్ దగ్గరే ఆపమనడానికి ఆరోగ్యంతో పాటు ఈ లెక్క కూడా కారణమే. పైగా ప్రధాన ఫ్యాన్ ఎంత గాలి పంపినా, పని స్థలానికి చేర్చే డక్టు (గాలి గొట్టం) చిరిగి ఉంటే ఆ గాలి దారిలోనే పోతుంది. కాబట్టి కొలత డక్టు చివర తీసుకోవాలి.

మూసిన క్యాబిన్ డ్రైవర్లకు గొప్ప రక్షణ, లోపలికి వచ్చే గాలి మంచి ఫిల్టర్ గుండా వస్తూ, లోపలి పీడనం బయటికన్నా కాస్త ఎక్కువగా ఉన్నంతవరకు. ఏసీ పాడై తలుపు తెరిచి నడిపితే ఆ రక్షణ మొత్తం పోయినట్టే, కనుక ఏసీ మరమ్మతును సౌకర్యంగా చూడకూడదు. క్యాబిన్ లేని వాళ్ళ గురించే నాకు ఎక్కువ దిగులు. మందుగుండు నింపేవాళ్ళు, పైకప్పుకు బోల్టులు బిగించేవాళ్ళు, పైపులు వేసేవాళ్ళు యంత్రం దాటి వచ్చిన గాలినే పీలుస్తూ గంటల తరబడి నిలబడతారు. వాళ్ళ పనిని యంత్రానికి ముందు, తాజా గాలి వచ్చే వైపు ఉండేలా షిఫ్టు ప్రణాళిక వేయడానికి చాలా సందర్భాల్లో పెద్ద ఖర్చేమీ కాదు. ఖాళీగా నిలబడ్డ బండి ఇంజన్ ఆపేయడానికి అసలే కాదు.

మనుషులను మార్చి మార్చి పంపడాన్ని మాత్రం నేను రక్షణగా అంగీకరించను. ఒకరి మోతాదును పదిమందికి పంచడమే అది. అమెరికా బొగ్గేతర గనుల నిబంధన కూడా డీజిల్ రేణువుల విషయంలో దాన్ని అనుమతించదు. మాస్కులు మరమ్మతుల వంటి తాత్కాలిక పనులకు అవసరమే, కాని వేడిలో, చెమటలో షిఫ్టంతా మాస్కు పెట్టుకోమనడం భారాన్ని కార్మికుడి ముఖానికి తగిలించడమే.

బ్యాటరీ యంత్రాలు ఈ సమస్యకు మూలంలోనే పరిష్కారం చూపుతున్నాయి. ఆంటారియోలోని బోర్డెన్ బంగారు గనిని మొదటి నుంచే విద్యుత్ యంత్రాల కోసం రూపొందించి 2019లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించారు. అయితే ఇప్పటికే ఉన్న డీజిల్ యంత్రాలు ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాటి పక్కన పనిచేసే ప్రతి కార్మికుడికి, తన ఒంటి మీద పంపుతో కొలిచిన ఫలితాన్ని రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో, ఏ యంత్రం దగ్గర ఏ రోజు కొలిచారో సహా ఇవ్వాలి. దాని పక్కనే ఆ యంత్రానికి ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో కూడా రాసి ఉండాలి.