ఆ చెక్కబెంచీ మీద 45 నిమిషాలు

2023 నవంబరులో ఒక రాత్రి, విజయవాడ–హైదరాబాద్ రహదారి పక్కనున్న సర్వీసు రోడ్డులో ఇంటికి వస్తుండగా వెనక నుంచి ఒక వ్యాను నా బైకుకు తగిలి, ఆగకుండా వెళ్లిపోయింది. మోచెయ్యి దోక్కుపోవడం తప్ప పైకి కనిపించే దెబ్బ లేదు. పొట్టలో ఎడమవైపు ఉండే ప్లీహం (స్ప్లీన్) చిట్లి నెత్తురు పొట్టలోకి కారుతోందని నాకు గానీ, నన్ను లేపి ఎక్కించుకున్న ఆటో డ్రైవరుకు గానీ తెలియదు. ఎడమ భుజం ఎందుకంత సలుపుతోందో మాత్రం అర్థం కాలేదు.

అతడు నన్ను దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి చేర్చేసరికి గోడ గడియారంలో 9.40 అయింది. కౌంటరులో ఉన్న మనిషి నా ముఖం వంక చూడకుండానే, "ఇది యాక్సిడెంట్ కేసు. ముందు పోలీసులకు చెప్పండి, వాళ్లు వచ్చాక డాక్టరుగారు చూస్తారు" అన్నాడు. ఆ తర్వాత ఆటో డ్రైవరు వైపు తిరిగి ఆధార్ జిరాక్సు, సంతకం అడిగాడు. నేను చెక్కబెంచీ మీద ఒరిగి, నెమ్మదిగా కదిలే ఆ పెద్ద ముల్లునే చూస్తూ ఉండిపోయాను. కాళ్లు చల్లబడుతున్నాయి, దాహం వేస్తోంది. ఫోను అందుకుని పరుగున వచ్చిన నా భార్య "ఏమండీ, కళ్లు మూయకండి" అంటూ చెంపలు తడుతూనే యాదగిరి నరసింహస్వామికి మొక్కుకుంది. 10.25కి ఇక లాభం లేదని ఆ డ్రైవరే నన్ను చేతుల మీద మోసుకెళ్లి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నా పొట్ట నొక్కి చూసి, స్కానింగు చేయించి, అర్ధరాత్రి దాటకముందే ఆపరేషనుకు పంపింది. పోలీసులకు సమాచారం పంపే కాగితాన్ని ఆ తర్వాత తీరిగ్గా నింపారట. ఆ పని ఆసుపత్రిదే కానీ రోగిది కాదని, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టినవారికి తెలియదని నేను అనుకోను. ఆ అమ్మాయి చేతులకు ఏ జన్మలో దండం పెట్టి రుణం తీర్చుకోవాలో తెలియదు. కౌంటరులోని మాట గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్లీహం తీసేశారు. మంచంపట్టి ఉన్న రోజుల్లో చట్టం చదివాను. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును, మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసు విచారణతో ముడిపడ్డ కేసులు, చూసే అధికారం తమకు లేదంటూ ఒక ఆసుపత్రి 20 కిలోమీటర్ల దూరంలోని మరోదానికి పంపగా అతడు దారిలోనే చనిపోయాడు. ఆ ఉదంతంపై 1989లో సుప్రీంకోర్టు, పరమానంద్ కటారా కేసులో, ప్రాణం కాపాడటమే మొదటి పని, లాంఛనాలు తర్వాత అని తేల్చింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టే నాటికి ఆ తీర్పుకు 34 ఏళ్లు. సాయం చేసినవారిని సాక్ష్యం పేరిట వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేర్చారు. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. ప్రమాద బాధితులకు 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందించే పథకం 2025 మేలో వచ్చింది. నాకు అందలేదు, ఇక ముందు పడేవారికైనా అందాలి.

కానీ ఒక్క కౌంటరు మీదే కోపం చూపించే అర్హత నాకుందా? సుమారు పదేళ్ల కిందట ఎన్నికల డ్యూటీ ముగించుకుని వస్తూ, రోడ్డు పక్కన పడి ఉన్న ఒక మనిషిని చూసి, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారని బైకు ఆపకుండా వచ్చేశాను. అతడేమయ్యాడో తెలియదు.

ప్లీహం లేనివారికి న్యుమోనియా, మెనింజైటిస్ టీకాలు తప్పనిసరి. జ్వరం వస్తే మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే డాక్టరును చూడాలి. నా టీకాలు పూర్తయ్యాక గుట్టకు వెళ్లి మొక్కు చెల్లించి, ఆ ఆటో డ్రైవరుకు ప్రసాదం తీసుకెళ్లాను. చట్టం నీ వైపే ఉందని 134ఎ సంగతంతా వివరించాను. ఓపికగా విని, ప్రసాదం కళ్లకద్దుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"నా పేరు యాడా రాయలేదు గద సారూ?"