రాణిగారి పెళ్లికి మన నిజాం పెట్టిన కట్నం

మన దగ్గర పెళ్లిళ్లలో మైకు పట్టుకుని ఎవరు ఎంత పెట్టారో చదువుతారు చూడండి, 1947 నవంబర్ 20న లండన్‌లో, తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెత్ పెళ్లికి అలా చదివి ఉంటే తెల్లారినా అయ్యేది కాదు. 2,500కు పైగా బహుమతులు! యుద్ధం అయిపోయి రెండేళ్లయినా అక్కడ ఇంకా రేషనే, అందుకని క్వీన్స్‌లాండ్ నుంచి 500 పెట్టెల పైనాపిల్ డబ్బాలు వచ్చాయి, అమెరికా నుంచి ఒకావిడ పాపం తిండికి ఇబ్బంది పడుతున్నారేమో అని టర్కీ కోడిని పంపింది. నాకు అందరికంటే ఆవిడే నచ్చింది.

గాంధీ తన చేత్తో వడికిన నూలుతో చేసిన గుడ్డ పంపాడు, దాని మీద 'జై హింద్' అని ఉంది. పెళ్లికూతురి నాయనమ్మ క్వీన్ మేరీ దాన్ని చూసి గోచీ అనుకుని మండిపడిందట.

ఇక మన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. ఏం పంపాలా అని బుర్ర బద్దలు కొట్టుకోలేదు, లండన్‌లోని కార్టియే నగల షాపుకి కబురు పెట్టాడు, పిల్లకి ఏది నచ్చితే అది ఇచ్చేయండని. ఆమె ఒక వజ్రాల హారం, ఒక కిరీటం ఎంచుకుంది. ఆ కిరీటాన్ని 1973లో విప్పించి ఆ వజ్రాలతో ఇంకోటి చేయించుకున్నారు, హారాన్ని మాత్రం ఈమధ్య మనవడి భార్య కేట్ కూడా వేసుకుంది.

ఇదంతా ఊరికే పెట్టిన కట్నం అని నేననుకోను. స్వతంత్రంగా ఉంటానని ఆయన అప్పటికే ప్రకటించి కూర్చున్నాడు, ఈ పెళ్లయిన తొమ్మిది రోజులకే ఢిల్లీతో యథాతథ ఒప్పందం (ఉన్న ఏర్పాట్లు ప్రస్తుతానికి అలాగే కొనసాగాలనేది) మీద సంతకం పెట్టాడు. అదే సమయంలో ఇక్కడ వరంగల్, నల్లగొండ ఊళ్లలో రైతులు దొరల మీద తిరగబడి ఉన్నారు. దొర ఇంట్లో పెళ్లయితే ఊరంతా మేకలో, నెయ్యో, డబ్బులో ఇచ్చుకోవాల్సిందే, వెట్టి సరేసరి. పైన నిజాం దర్బారులో అయితే నజరానా, అంటే రాజుకి ఇచ్చే కానుక: మడతపెట్టిన రుమాలు మీద అష్రఫీ అనే బంగారు నాణెం పెట్టి, రెండు చేతులూ చాపి, వంగి నిలబడాలి. మిగతా రాజులు చాలామంది దాన్ని ముట్టుకుని వెనక్కిచ్చేవాళ్లు, ఈయన మాత్రం తీసుకునేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరి లండన్ షాపు బిల్లు ఎవరి సొమ్ముతో కట్టినట్టు?

నాకు అసలు కోపం వేరే. రుద్రమదేవి కాలంలో ఆమె కాకతీయ రాజ్యం గురించి రాసిన ఇటలీ యాత్రికుడు మార్కో పోలో, ఇక్కడి బట్ట సాలెగూడంత పల్చన, ఏ రాజైనా రాణైనా సంతోషంగా కట్టుకుంటారు అన్నాడు. 1947లో నిజాం ఇలాకాలోనే కరీంనగర్ పనివాళ్లు వెండిని దారమంత సన్నగా లాగి, రెండు తీగలు మెలిపెట్టి, చట్రంలో ఆకులు పువ్వులుగా ఒంచి అతికి, అత్తరుదానులు పాన్‌దానులు చేస్తున్నారు. ఒకటి పంపితే ఏం పోయేది!