గీత ఉబ్బిందా, పడిందా?

చెన్నై సౌకార్‌పేటలో మింట్ స్ట్రీట్ పేరు మిగిలింది గానీ టంకశాల ఎప్పుడో మూతబడింది. ఇప్పుడు మన చేతిలో పడే చిల్లర ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లో అచ్చయ్యేది. ఏడాది అంకె కింద డైమండ్ ముంబైది, నక్షత్రం హైదరాబాద్‌ది, చుక్క నోయిడాది. ఏమీ లేకపోతే కోల్‌కతా. వాట్సాప్‌లో "అరుదైన నక్షత్రం ఎర్రర్" (అచ్చులో తప్పు పడ్డ నాణెం) అని వేలకు బేరం పెడుతున్నది ఈ గుర్తునే!

నిజంగా అచ్చులో పడ్డ తప్పేదో, తర్వాత పడ్డ గీరో, చేత్తో చేసిన మోసమో తేల్చడానికి పది రెట్లు చూపే లూప్ (చిన్న భూతద్దం), 0.01 గ్రాము దాకా తూచే కాటా చాలు. లైటు పక్కనుంచి వాలుగా పడాలి. నాణేన్ని తోమొద్దు.

ముందు చూడాల్సింది గీత ఉబ్బెత్తుగా ఉందా, లోపలికి ఉందా అని. డై (లోహపు బిళ్ల మీద దెబ్బ కొట్టి బొమ్మ అచ్చు వేసే ముద్ర) పగిలితే, దెబ్బ పడ్డప్పుడు లోహం ఆ పగుల్లోకి ఎక్కుతుంది. అందుకే డై క్రాక్ నాణెం మీద ఎప్పుడూ ఉబ్బెత్తు గీతే. లోపలికి చెక్కినట్టుంటే చాలావరకు జేబులో పడ్డ గీరు. పగులు అంచుదాకా పాకి డై ముక్క ఊడిపోతే ఆ చోట బొమ్మలేని లోహపు దిమ్మ వస్తుంది. అప్పుడు నాణెం తిప్పి సరిగ్గా దాని వెనకభాగం చూడండి. అక్కడ అక్షరాలు మసకగా ఉండాలి, ఎందుకంటే లోహం ఎదురుగా ఉన్న ఖాళీలోకి వెళ్లిపోయింది. వెనక పదునుగా ఉంటే అనుమానించాల్సిందే.

డై అరుగుదల వేరు. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి గట్టి లోహం, డైని త్వరగా తినేస్తుంది. లోహం ప్రతి దెబ్బకూ మధ్యనుంచి అంచువైపు ఒరుసుకుంటూ జరుగుతుంది కాబట్టి ఖాళీ భాగంలో చక్రం ఆకుల్లా సన్నటి గీతలు పడతాయి, అక్షరాల బయటి అంచు మెత్తబడి అంచువైపు సాగుతుంది. ఈ సాగుడునే "డబుల్ డై" అని అమ్ముతారు. అసలు డబుల్ డైలో (డై మీదే బొమ్మ రెండుసార్లు పడి ఉండటం) రెండు రూపాలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి, అక్షరం మూలల్లో చీలిక కనిపిస్తుంది. దెబ్బ పడ్డాక డై కాస్త కదిలితే వచ్చేది మెషిన్ డబ్లింగ్. అందులో అక్షరం పక్కన చదునైన మెట్టు ఏర్పడి, అసలు అక్షరమే సన్నబడుతుంది. దానికి పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

అక్షరాలు మాయమైతే డైలో గ్రీజు నిండి ఉండొచ్చు, ఎవరో అరగదీసీ ఉండొచ్చు. గ్రీజైతే ఆ చోటు చుట్టుపక్కల ఉపరితలంలాగే ఉంటుంది, బరువు తగ్గదు. అరగదీస్తే లూప్‌లో ఒకే దిశలో గీతలు తేలతాయి.

అంచు కోసుకుపోయిన క్లిప్ విషయంలో కాటా ముందు మాట్లాడుతుంది. 25 మి.మీ. స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 16 మి.మీ. స్టీలు పది పైసలు 2 గ్రాములు. క్లిప్ నిజమైతే బరువు తగ్గడమే కాదు, సరిగ్గా ఎదుటి వైపు అంచు కూడా పల్చబడుతుంది. కోసిన చోట అక్షరాలు కాస్త సాగి ఉంటాయి. ఆకురాయితో కోస్తే అక్షరం నిలువునా తెగుతుంది.

ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుపోతే తర్వాతి నాణెం మీద బొమ్మ లోపలికి తిరగబడి పడుతుంది. లఖీ అనే ఈ రకం దొరికితే ఇంకా జాగ్రత్త. రెండు నాణేలను వైస్‌లో (మరతో బిగించే పట్టులో) నొక్కితే కూడా అద్దంలోలా అచ్చు పడుతుంది, కానీ అడుగున అసలు బొమ్మ నలిగి మిగిలే ఉంటుంది.

డై రొటేషన్, అంటే బొమ్మకు బొరుసు పక్కకు తిరిగి పడటం, చూడటం తేలిక. బొమ్మను నిటారుగా పట్టుకుని పుస్తకం పేజీలా తిప్పితే బొరుసు కూడా నిటారుగా రావాలి. కొద్దిపాటి వంకర మామూలే. 90 డిగ్రీలో, 180 డిగ్రీలో తిరిగితేనే ఎర్రర్‌గా దాచిపెట్టండి.