షోకి వెళ్లే గుర్రం: మాలీసు, స్నానం, జడలు

గుర్రాల షో, అంటే స్వారీ పోటీ, దగ్గరపడ్డాక షాంపూ, షైన్ స్ప్రే కోసం వెతికేవాళ్లు చాలామంది. గుర్రం ఒంటికి మెరుపు అలా రాదు. రోజూ మాలీసు చేస్తుంటే, అంటే బ్రష్‌లతో ఒళ్లు రుద్దుతుంటే, చర్మంలో ఊరే నూనె వెంట్రుక పొడవునా పాకుతుంది. మెరిసేది ఆ నూనే. అందుకే కనీసం నెల ముందు నుంచి రోజుకు అరగంట తగ్గకుండా మాలీసు పడాలి. సవారీ ముగిసి, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు చేస్తే మట్టి, చుండ్రు తేలిగ్గా పైకి వస్తాయి.

ముందు పొట్టి పళ్లుండే రబ్బరు కర్రీ కోంబ్‌తో గుండ్రంగా రుద్దాలి. తర్వాత గట్టి బ్రష్‌తో ఆ దుమ్ము విదిలించాలి. చివరికి మెత్తని బాడీ బ్రష్‌తో వెంట్రుక వాలు వెంబడి, ఒంటి బరువు చేతి మీదికి తెచ్చి లాగాలి. నాలుగైదు సార్లు లాగాక బ్రష్‌ని ఇనుప కోంబ్‌కి గీకి దులపకపోతే, తీసిన మురికే మళ్లీ ఒంటికి పూస్తున్నట్టు. హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్లలో రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు ఎక్కువ. వీటి చర్మం పల్చన, డొక్కల దగ్గర, పొట్ట కింద చక్కిలిగిలి జాస్తి. అక్కడ గట్టి బ్రష్ పెడితే తన్నులు తప్పవు. మెత్తని బ్రష్షో, తడి గుడ్డో చాలు.

గిట్టల్ని హుక్‌తో మడమ వైపు నుంచి ముందుకి గీకి శుభ్రం చేయాలి. మధ్యలో మెత్తగా ఉండే ఫ్రాగ్‌ని హుక్‌తో పొడవకూడదు. దాని పక్క గాడిలో నల్లటి జిగురు, కుళ్లు వాసన ఉంటే అది థ్రష్ అనే గిట్ట జబ్బు. తడిసిన పరుపు గడ్డి మీద నిలబెట్టడం వల్ల వచ్చేది, పైన హుఫ్ ఆయిల్ రాస్తే పోదు. లాడాలు కొట్టించేది కూడా షోకి వారం ముందే. మేకు కాస్త లోపలికి పడి కుంటితే, కోలుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ఒళ్లంతా కడిగే స్నానం రెండు మూడు రోజుల ముందు అయిపోవాలి. షాంపూ నూనెను కూడా కడిగేస్తుంది కాబట్టి మర్నాటికి వెంట్రుక పొడిబారి లేచి ఉంటుంది. మధ్యలో మాలీసు పడితే మళ్లీ అణుగుతుంది. నురగ మిగలకుండా నీళ్లు పోయాలి. జీను కింద మిగిలిన షాంపూ చెమటతో కలిస్తే దురద, బొబ్బలు. తెల్ల కాళ్లు, తోక మాత్రం షో ముందురోజు కడగండి. జూలుని ఆ రెండు మూడు రోజులూ కడగకండి. తాజాగా కడిగిన జూలు జారిపోతుంది, జడ నిలవదు. మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రేని కూడా జూలుకి, జీను వేసే చోట తగలనివ్వకూడదు. జీను జారితే రైడర్ పడతాడు.

ఇప్పుడు జడల సంగతి. జూలు నాలుగైదు అంగుళాల పొడవు ఉండాలి. కత్తెరతో అడ్డంగా కోస్తే గీత గీసినట్టు మొద్దుగా కనిపిస్తుంది. సవారీ తర్వాత, అడుగు వైపు నుంచి కొద్దికొద్ది వెంట్రుకలు లాగి పల్చన చేయడమే పద్ధతి. షో రోజు ఉదయమే అల్లాలి, గంట పెట్టుకోండి. రాత్రే అల్లితే దురదకి గోడకేసి రుద్దుకుని వెంట్రుకలు తెంపుకుంటుంది. జూలుని కొద్దిగా తడిపి, సుమారు మూడంగుళాల పాయలుగా ముందే రబ్బరు బ్యాండ్లతో విడదీస్తే అన్నీ ఒక్క సైజులో వస్తాయి. అల్లిక చివరి మూడో వంతులో జూలు రంగు మైనపు దారం కలిపి, కొన చుట్టి, సూదిని మొదట్లోంచి పైకి తీసి, మడిచి ముడిగా కుట్టేయాలి. మెడ పొట్టిగా ఉంటే జడలు ఎక్కువ వేయండి, పొడుగ్గా కనిపిస్తుంది. చెవుల వెనక మొదటి జడని మరీ బిగిస్తే మెడ వంచలేక తల విదిలిస్తుంది. కదలికల తీరుకి మార్కులిచ్చే డ్రెస్సాజ్‌లో అది మార్కుల నష్టమే. పరుపు గడ్డి ఊడ్చేసిన గచ్చు మీదే అల్లండి. సూది గడ్డిలో పడితే గిట్టలోకో నోట్లోకో పోతుంది.

తోకను ముందు వేళ్లతో, కొన నుంచి పైకి విడదీయాలి. తెగిన వెంట్రుక కిందిదాకా పెరగడానికి ఏళ్లు పడుతుంది. కొన కత్తిరించేటప్పుడు తోక మొదట్లో చెయ్యి పెట్టి, నడకలో ఎత్తే ఎత్తుకి లేపి పట్టుకోండి. లేకుంటే పరుగులో పొట్టిగా అయిపోతుంది.

మూతి చుట్టూ, కళ్ల చుట్టూ ఉండే మీసాల్లాంటి స్పర్శ వెంట్రుకల్ని గీయొద్దు. 2021 జులై 1 నుంచి అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య అయిన ఎఫ్‌ఈఐ పోటీల్లో వాటిని గీసిన గుర్రాన్ని అనుమతించరు. ముక్కు కిందే కళ్లు ఆనని చోట మేతను అవే తడుముతాయి. నున్నటి మూతి అందమని ఇంకా పాత అలవాటుగా గీసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

రింగు గేటు దగ్గర పని కొద్దిపాటిదే. కళ్లకి, ముక్కుకి ఒక స్పాంజి, తోక కిందకి వేరే స్పాంజి. వార్మప్ ఇసుకలోంచి వచ్చాక గిట్టలు తుడిచి ఆయిల్ రాయాలి. ముందే రాస్తే ఇసుకంతా అంటుకుంటుంది. పోటీ అవగానే జీను దించి, చెమట కడిగి, నీళ్లు గీకేసి, జడలు విప్పేయండి. దారం తెంపడానికి కత్తెర కాకుండా టైలర్లు కుట్లు విప్పే చిన్న పరికరం వాడితే జూలు తెగదు.