తాతయ్య ట్రంకుపెట్టె

మా తాతయ్య చీపురుపల్లి దగ్గర ఒక ఊరికి కరణం. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు ఊరి లెక్కలన్నీ అప్పజెప్పేశారు. తన కోసం రాసుకున్న నకళ్లు, ఉత్తరాలు, రసీదులు మాత్రం రేకు ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. ఎర్రగుడ్డలో చుట్టి పురికొసతో కట్టిన 11 కట్టలు.

విజయనగరంలో బి.ఏ. హిస్టరీ రెండో ఏడాది చదువుతుండగా, వేసవి సెలవుల్లో ఆ పెట్టె తెరిచాను. నాలుగు రోజులు కూర్చుని 10 కట్టలు విప్పాను. పదకొండోదాని ముడి బిగుసుకుపోయి రాలేదు. ఉత్తరాలు ఒకచోట, రసీదులు ఒకచోట, లెక్కల కాగితాలు ఏడాది ప్రకారం ఇంకోచోట పెట్టి, కొత్త ప్లాస్టిక్ ఫైళ్లలో సర్దాను. చాలా మంచి పని చేశానని సంబరపడ్డాను.

మా వీధిలోనే తాలూకాఫీసు రికార్డు రూములో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. తాతయ్య స్నేహితులు. ఆయన్ని పిలిచి చూపించాను. ఫైళ్లు తిరగేసి చాలాసేపు ఏమీ అనలేదు.

"కట్టలు ఇప్పేసినావేటమ్మా? ఏ కాగితం పక్కన ఏటుందో రాసుకున్నావా?"

రాసుకోలేదు. ఆయన ఒక శిస్తు రసీదు తీసి చూపించారు. పేరుంది, మొత్తం ఉంది, సర్వే నంబరు లేదు. ఏ అడంగల్ (సర్వే నంబరువారీ భూమి లెక్క) నకలు మడతలో ఉండేదో తెలిస్తే అది ఏ భూమిదో తెలిసేది. ఆ పెట్టెలోని వరుస కూడా మా తాతయ్య రాసిందే. దాన్ని నేను చెరిపేశాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఆర్కైవిస్టు కావాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. చరిత్ర క్లాసులో కాగితం ఏం చెబుతోందో చదవడం నేర్పారు. అది ఎక్కడ, దేని పక్కన, ఎవరి చేతి నుంచి వచ్చిందో కాపాడటం వేరే విద్య. ఎం.ఏ. అయ్యాక ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా చేయాలని ఉంది. ఈలోగా పెద్దాయన దగ్గరే నేర్చుకుంటున్నాను. ఆర్.డిస్ అని ముద్ర ఉంటే ఆ ఫైలు శాశ్వతంగా ఉంచాలని, డి.డిస్ అయితే పదేళ్లకు తీసెయ్యొచ్చని ఆయనే చెప్పారు. పాత రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఫసలీ జూలై 1తో మొదలవుతుంది. 1358 ఫసలీ అంటే 1948 జూలై నుంచి 1949 జూన్ దాకా అన్నమాట. అన్నిటికన్నా కష్టం గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా రాసిన ఆ అక్షరాలు మొదట్లో ఒక్కటీ విడిపడేవి కావు. రోజూ ఒక పేజీ నకలు రాస్తూ పోతే మూడు నెలలకు కళ్లు అలవాటు పడ్డాయి.

ఇంకో సంగతి కూడా అర్థమైంది. తాతయ్య ఇల్లు కదలలేదు, జిల్లాలే కదిలాయి. ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడితే చీపురుపల్లి ఇటొచ్చింది. ఆ ఊరి చరిత్ర రాయాలంటే చెన్నై ఎగ్మూరులోని పాత మద్రాసు రికార్డుల ఆర్కైవ్స్ నుంచి మొదలుపెట్టి ఇన్ని చోట్లా వెతకాలి. కాగితాలకు ఊరిలాగా ఒక్కచోటే ఉండే అదృష్టం లేదు.

ప్లాస్టిక్ ఫైళ్లు తీసేశాను. మా వైపు ఉక్కకు లోపల చెమ్మ పడుతోంది. తుప్పుపట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే లాగాను, వాటి చుట్టూ కాగితం గోధుమరంగు తిరిగి పొడిపొడి అవుతోంది. రామబాణం పురుగులు తిన్న అంచులు అలాగే ఉన్నాయి, అంటించడం రాకుండా చెయ్యి పెట్టకూడదని ఊరుకున్నాను. సెల్లోటేపు మాత్రం ఎవరూ వాడొద్దు, దాని జిగురు కాగితాన్ని పాడుచేస్తుంది.

పోయిన ఆదివారం పెద్దాయనతో కలిసి పదకొండో కట్ట విప్పాను. పురికొసను నీళ్లతో తడపకుండా, కత్తెర వేయకుండా, గంటసేపు గోళ్లతోనే వదులుచేశాం. కాగితం పక్కకు తీసేముందే ఫోటో, మూలన పెన్సిలుతో సన్నగా నంబరు. 17వది ఒక అడంగల్ నకలు. దాని మడతలో 18వది, అరచేతంత చీటీ, బావిలో ఎవరి వాటా ఎంతో రాసి ఉంది. ఏ బావో చీటీలో లేదు. 17లో ఒక మడి పక్కన "బావి" అని తాతయ్య చేతిరాతలో ఉంది.

చీటీని మళ్లీ ఆ మడతలోనే పెట్టాను.